తెలుఁగు పుట తెరపై సరిగాఁ గనఁబడుట యెట్లు?

భువనగిరి హైదరాబాదునకు ఇంచుమించు 50 కిలోమీటర్ల దూరమున, కాజీపేట రైలుమార్గముపై నున్న పట్టణము. ఊరి నానుకొని యేకశిలారూపమగు కొండయు, దానిపై దుర్గమును గలవు. చాళుక్య త్రిభువనమల్లుని బిరుదమునుండియే యీ పేరు వచ్చెననుట ప్రసిద్ధము. 2016వ సంవత్సరము అక్టోబరు 11న నల్లగొండ జిల్లానుండి వేఱుపడి యాదాద్రి భువనగిరి జిల్లా యేర్పడఁగా, ఈ పట్టణమే దానికిఁ గేంద్రమైనది. ఇట్టి పట్టణములందును, వాని చుట్టునున్న పల్లెలందును బాఠశాలాపండితులు నేఁడు ఒక పదమునకు అర్థము చూడవలసివచ్చినను, ప్రాచీనకావ్యముయొక్క ప్రతిని వెదకవలసివచ్చినను అంతర్జాలమునే యాశ్రయించుచున్నారు. గ్రంథాలయమునకుఁ బోయి బీరువా తెఱచుటకు మాఱుగాఁ జేతిలోని ఫోను తెఱచుట పరిపాటియైనది.

అయితే తెరపైఁ గనఁబడునది యెల్లప్పుడును సరియైన పాఠమే యని చెప్పుటకు వీలులేదు. ఒకచో సంయుక్తాక్షరము విడివడి పొల్లుతోఁ గనఁబడును. ఒకచో అక్షరమునకు బదులు ఖాళీ చతురస్రము నిలుచును. ఒకచోఁ బుటయంతయు అర్థములేని రోమక లిపిగా మాఱును. ఒకచోఁ బుట సగమే వచ్చి యాగును. ఈ నాలుగింటికిని లోకము చెప్పు కారణ మొక్కటే: "నెట్టు బాగుగా లేదు" అని. చెప్పు మందును ఒక్కటే: ఎక్కువ వెలపెట్టి యెక్కువ వేగము కొనుమని. కాని పై నాలుగు లోపములలో మొదటి మూఁడింటికిని వేగముతో నేమాత్రమును సంబంధము లేదు. రోగ మొకచోట, మందొకచోట నుండుటచేత ధనము వ్యయమగును. పాఠము మాత్రము చెడినది చెడినట్లే యుండును. ఆ పాఠమునే ప్రశ్నపత్రములలోనికి ఎత్తి వ్రాసినచోఁ దప్పు విద్యార్థులకును సంక్రమించును. కావున ఏది యెవరి పనియో తెలిసికొనుట యవసరము.

రాకయు రూపమును

పుటదర్శనమున రెండు వ్యాపారములు గలవు. మొదటిది రాక, అనఁగా దూరమందున్న యంత్రమునుండి పుట చదువరి యంత్రమును జేరుట. ఇది అంతర్జాలసంబంధముయొక్క పని. రెండవది రూపము, అనఁగాఁ జేరినదానిని గంటికిఁ గనఁబడు నక్షరములుగాఁ దీర్చుట. ఇది బ్రౌజరు పని. ఫోనును గాని కంప్యూటరును గాని నడపు మూలవ్యవస్థయు, ఫాంటును దానికి సహాయములు. ఫాంటనఁగా అచ్చుకూటములోని సీసపుటక్షరముల పెట్టె వంటిది. తపాలావాఁడు ఉత్తరమును ఆలస్యముగాఁ దేవచ్చును, తేకపోవచ్చును. కాని లోపలి దస్తూరిని మార్చఁడు. అంతర్జాలసంబంధమును అట్టిదే.

మార్గమున నడచునది అక్షరముయొక్క ఆకారము కాదు, సంఖ్య. యూనికోడను సార్వత్రికసంకేతపట్టికలోఁ దెలుఁగునకు 3072 మొదలు 3199 వఱకు 128 స్థానములు కేటాయింపఁబడినవి. "భువనగిరి" యను మాటను జెవి యైదక్షరములుగా గ్రహించును. యంత్రమున కది యెనిమిది సంకేతములు: భ 3117, ఉత్వము 3137, వ 3125, న 3112, గ 3095, ఇత్వము 3135, ర 3120, మఱల ఇత్వము 3135. జాలమునందు విశేషముగా వాడుకలో నున్న యూటీఎఫ్-8 పద్ధతిలోఁ బ్రతి తెలుఁగు సంకేతమునకును మూఁడేసి బైటులు పట్టును. కావున ఊరి పేరంతయుఁ గలిసి 24 బైటులు.

ఈ సంఖ్యలు చిన్నచిన్న పొట్లములుగాఁ గట్టఁబడి ప్రయాణము చేయును. దారిలో నొక పొట్లము చెడినను, పోయినను, ఆ లోపము గుర్తింపఁబడి అది మఱల పంపఁబడును. అందుచే మార్గము చెడ్డదైనచోఁ బుట ఆలస్యముగా వచ్చును, లేదా రాదు. క్షకారము పంపఁగాఁ గకారమును షకారమును విడివిడిగాఁ జేరుట మాత్రము మార్గదోషముచే సంభవింపదు.

స్థానియు ఆదేశమును

అచ్చు అడ్డములేని హల్లుల కూడికయే సంయోగమని పాణినీయుల సిద్ధాంతము. యూనికోడును తెలుఁగు విషయమున నీ మార్గమునే యనుసరించినది. క్షకారమునకుఁ బ్రత్యేకమైన సంఖ్య లేదు. క 3093, పొల్లు 3149, ష 3127 అను మూఁడు సంకేతములు వరుసగా నిలుచును. వీనిని జూచి "క్ష" యను నొక్క రూపమును దీర్పవలసినది చదువరి యంత్రము.

స్థాని యొకటి, దాని చోట వచ్చు నాదేశ మింకొకటి యనుట వైయాకరణులకుఁ గ్రొత్త కాదు. ఫాంటులోపల నట్టి యాదేశపట్టిక యొకటి యుండును. హల్లు, పొల్లు, హల్లు వరుసగా వచ్చినప్పుడు పొల్లు లోపించి, రెండవ హల్లు ఒత్తుగాఁ గ్రిందికి దిగవలెనని యందలి విధి. "కార్త్స్న్యము" అను పదమున ర, త, స, న, య అను నైదు హల్లులు అచ్చు అడ్డములేక నిలుచును గాన, ఆ విధి నాలుగుమాఱులు ప్రవర్తింపవలెను. ఈ విధులను జదివి అమలుచేయు భాగము క్రోమ్, ఫైర్‌ఫాక్సు బ్రౌజరులలో హార్ఫ్‌బజ్ అను నుచితసాఫ్టువేరు. ఆపిల్ వారి సఫారిలో నీ పని వారి మూలవ్యవస్థయందలి కోర్‌టెక్స్టు చేయును. విధి ఫాంటులో లేకున్నను, విధిని జదువువాఁడు బ్రౌజరులో లేకున్నను ఫల మొక్కటే: సంయోగము విడివడును.

ఈ పని యెంత సూక్ష్మమైనదో 2018వ సంవత్సరమున లోకమునకుఁ దెలిసినది. జ, పొల్లు, ఞ అను వాని తరువాత, కలయికను నివారించు నొక యదృశ్యచిహ్నమును, దాని వెనుక దీర్ఘమును వచ్చిన "జ్ఞా" అను నొక్క తెలుఁగు కూర్పు తెరపైకి వచ్చిన మాత్రమున ఐఫోనులలోని వివిధసాధనములు కుప్పకూలినవి. ఆపిల్ సంస్థ ఆ ఫిబ్రవరి 19న 11.2.6 సంఖ్యగల కూర్పును వెలువరించి దానిని సరిదిద్దినది. ఇందు సంబంధవేగముతోఁ బనిలేదు. అక్షరమును దీర్చు విధియందే లోపము.

పూర్వస్థితి

నేఁటి లోపములు కొన్ని పూర్వచరిత్రనుండి వచ్చినవి. 1990ల తొలిభాగమున అమెరికాలోని తెలుఁగువారు రోమక లిపిలోనే తెలుఁగు వ్రాసికొనుచుండిరి. అందులకై రైస్ విశ్వవిద్యాలయమున ఆర్‌టీఎస్ అను లిప్యంతరీకరణపద్ధతి పుట్టినది. తరువాత దినపత్రికలు జాలమునకు వచ్చినప్పుడు ఈనాడు మున్నగునవి తమతమ స్వంత ఫాంటులను వాడినవి. ఈ పద్ధతిలో సంకేతము రోమకాక్షరమునది. దానిమీఁద తెలుఁగు ఆకారము తొడుగఁబడును. ఆ ఫాంటు ఉన్నంతవఱకుఁ దెలుఁగు; లేనిచోఁ బిచ్చివ్రాఁత. ఒక పత్రిక ఫాంటు వేఱొక పత్రికకుఁ బనికిరాదు. ఇట్టి వ్రాఁతను యూనికోడునకు మార్చి చూపుటకు ఫైర్‌ఫాక్సునకు "పద్మ" యను నుపకరణము వెలసి, చదువరులకుఁ జాల కాల ముపకరించినది.

యూనికోడు మొదటి కూర్పు 1991లోనే వెలువడినను, సామాన్యుని యంత్రమునకుఁ దెలుఁగు చేరుటకుఁ గాలము పట్టినది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో "గౌతమి" ఫాంటు వచ్చినది. కాని సంయుక్తలిపులకు సంబంధించిన భాగమును బ్రత్యేకముగా నెలకొల్పుకొనవలసియుండెను. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన "పోతన", "వేమన" ఫాంటులు ఆ కాలమునఁ జదువరుల కూఁతయైనవి. తెలుఁగు వికీపీడియా 2003 డిసెంబరు 10న మొదలైనది. ఆండ్రాయిడు ఫోనులకుఁ దెలుఁగు ఫాంటు 2012లో 4.1 కూర్పుతో వచ్చినది. అంతకుముందు ఫోనులలోఁ దెలుఁగు చదువఁగోరినవారు ఒపేరా మినీ బ్రౌజరులో నొక యమరికను మార్చి, అక్షరములను దూరపు యంత్రముననే చిత్రములుగాఁ దీర్పించి తెప్పించుకొనెడివారు. ఇది రాకకును రూపమునకును గల భేదమునకు మంచి నిదర్శనము: ఫోనునకు రూపము తీర్చు శక్తి లేనప్పుడు, రాకతోపాటు రూపమును గూడ బయటినుండి తెచ్చుకొనవలసివచ్చినది.

లోపలక్షణములు

వైద్యుఁడు నాడి చూచినట్లు, తెరపైఁ గనఁబడు లక్షణమును జూచి లోపస్థానమును నిర్ణయింపవచ్చును.

ఒకటి. అక్షరమునకు బదులు చతురస్రము కనఁబడినచో, ఫాంటులో నా యక్షరము లేదని యర్థము. ఆ యక్షరముగల ఫాంటును జేర్చుకొనుటయే మందు.

రెండు. పదములందలి సంయోగము లన్నియు విడివడి పొల్లులు కనఁబడినచో, ఆదేశవిధి ప్రవర్తించుట లేదు. బ్రౌజరును, మూలవ్యవస్థను గ్రొత్త కూర్పునకుఁ దెచ్చుకొనవలెను. ఒక్క పదమునందే విడివడినచో నది వ్రాసినవాఁడు బుద్ధిపూర్వకముగాఁ జేసిన విభాగము కావచ్చును. అన్యదేశ్యములందు నిది తఱచు.

మూఁడు. శిరస్సుపై నేటవాలు గీతగల చిన్న రోమకాక్షరమును, దాని ప్రక్క నుష్ణమానమును దెలుపు చిన్న సున్నయు మాటిమాటికి వచ్చుచున్నచో, పుట యూటీఎఫ్-8లో నుండఁగా వేఱొక పద్ధతిలోఁ జదువఁబడుచున్నది. ప్రతి తెలుఁగు సంకేతముయొక్క మొదటి బైటు 224 యగుటయు, రెండవది 176 గాని 177 గాని యగుటయు నీ పునరుక్తికిఁ గారణము. సాధారణముగా నిది పుటను నిలిపినవారి తప్పు.

నాలుగు. అట్టి పునరుక్తి లేక రోమకాక్షరములును జిహ్నములును గలగలిసిన వ్రాఁత కనఁబడినచో, అది పాత స్వంత ఫాంటు పుట. దానికిఁ బరివర్తనసాధనము కావలెను.

ఐదు. గుణింతపు గుర్తుతోపాటు చుక్కల వలయము కనఁబడినచో, గుర్తు నాశ్రయింపఁదగిన హల్లు దానికి ముందు లేదు. ఇది వ్రాసినవాని వరుసదోషము. చదువరి చేయఁదగిన దేమియు లేదు.

ఆఱు. అక్షరములు సరిగానుండి పుట సగములో నాగినచో, బొమ్మలు రానిచో, అప్పుడు మాత్రమే సంబంధమును శంకింపవలెను.

బ్రౌజరు నెన్నుకొనుట

బ్రౌజరుల పేర్లు పెక్కు. లోపలి యంత్రములు కొన్నియే. క్రోమ్, ఎడ్జ్, ఒపేరా, బ్రేవ్ మున్నగునవి క్రోమియం మూలమునుండి పుట్టినవి. ఫైర్‌ఫాక్సు వేఱు. సఫారి వెబ్‌కిట్టుపై నడచును. కావునఁ గ్రోమ్‌లోఁ జెడిన పుటను ఎడ్జ్‌లోఁ బరీక్షించుటకంటె ఫైర్‌ఫాక్సులోఁ బరీక్షించుట యుక్తము. రెండు వేఱువేఱు మూలములందును జెడినచో, దోషము పుటయందో ఫాంటునందో యున్నదని యెఱుఁగవచ్చును. పూర్వము ప్రసిద్ధమైన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరునకు 2022 జూన్ 15న విరామ మీయఁబడినది గనుక, పాఠశాలల పాత యంత్రములలో నది యింకను మిగిలియున్నను దానిని నమ్మరాదు. విండోస్ 7 నడచు యంత్రములకు క్రోమ్ క్రొత్త కూర్పులు 2023 ఫిబ్రవరినుండి లేవు.

పరీక్షకు దీర్ఘమైన గ్రంథ మక్కఱలేదు. "స్త్రీ, జ్ఞానము, ధార్ష్ట్యము, కార్త్స్న్యము" అను నాలుగు పదములు బ్రౌజరును బరీక్షించుటకుఁ జాలును. "ఱంపము, తెలుఁగు, సోఽహమ్, ౘలి, ౙడ" అను నైదు పదములు ఫాంటును బరీక్షించును. వీనిలో అవగ్రహమును, దంత్యములగు ౘ, ౙలును 2008లో వెలువడిన యూనికోడు 5.1వ కూర్పునఁ గాని చేరలేదు. అందుచేఁ బాత ఫాంటులలో నవి చతురస్రములగును. ప్రాచీనముద్రణములందలి నకారపొల్లు (ౝ) 2021లోఁ గాని స్థానము పొందలేదు. దానిని జూపలేని ఫాంటులు నేఁటికిని గలవు. పెద్దన, సూరన్న, ధూర్జటి, గురజాడ, సురవరము మున్నగు పేర్లతో నుచితముగా దొరకు ఫాంటులు పెక్కు గలవు. వానిని నెలకొల్పుకొనుటకుముం దీ పదములతోఁ బరీక్షించుట మేలు.

సంబంధము నెన్నుకొనుట

మన దేశమున సామాన్యులకు అంతర్జాలము 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా లభించినది. నాఁటి టెలిఫోను సంబంధములలో సెకనునకు 9,600 బిట్లు సామాన్యవేగము. మూఁడువేల సంకేతములుగల తెలుఁగు పాఠము 9,000 బైటులు, అనఁగా 72,000 బిట్లు. అది యా వేగముతో నైనను ఏడున్నర సెకనులలో వచ్చును. 50 మెగాబైటులుగల యొక పాతపుస్తకపు ఛాయాప్రతి 40 కోట్ల బిట్లు. అదే వేగముతోఁ బదునొకండున్నర గంటలు పట్టును. బ్రాడ్‌బాండనుటకుఁ గనీసవేగముగా 2004లో 256 కిలోబిట్లును, 2013లో 512 కిలోబిట్లును, 2023లో 2 మెగాబిట్లును నిర్ణయింపఁబడినవి. ఆ 2 మెగాబిట్ల వేగముతో నా పుస్తకము 200 సెకనులలోఁ జేరును.

ఈ లెక్కవలనఁ దేలున దేమనఁగా: నిఘంటువు చూచుటకును, వికీపీడియా చదువుటకును సామాన్యమైన ఫోను సంబంధమే చాలును. నేఁటి పుటల బరువులో బొమ్మలును బ్రకటనలునే యధికము, పాఠము స్వల్పము. ఛాయాప్రతులను దఱచుగాఁ దెప్పించుకొను పరిశోధకునకును, ఒక్కసారి పెక్కుమంది చూడవలసిన పాఠశాలకును దంతుసంబంధము యుక్తము.

స్థలమునుబట్టియు భేదము గలదు. ఫోను సంబంధము రేడియోతరంగములపై నాధారపడినది. భువనగిరి కొండవంటి పెనుబండ గోపురమునకును ఇంటికిని నడుమ నిలిచినచోఁ దరంగము నీడపడును. ఒక సంస్థ గోపురము కొండ కీవల, ఇంకొకదాని గోపురము ఆవల నుండవచ్చును గాన, హైదరాబాదులో మేలైన సంస్థయే యిచ్చటను మేలనుట తర్కసహము కాదు. ఇరుగుపొరుగువారి యనుభవము నడిగి, తన యింటనే, అందఱును వాడు సాయంకాలవేళఁ బరీక్షించి నిర్ణయించుకొనవలెను. గాజుతంతువులోఁ గాంతి నడచును. దానికిఁ గొండ యడ్డము కాదు. పంచాయతులకుఁ దంతువును జేర్చుటకై 2011లో సంకల్పింపఁబడిన పథకమే 2015లో భారత్‌నెట్ అను పేరు పొందినది. తెలంగాణమున మిషన్ భగీరథ నీటిగొట్టములకై త్రవ్విన కందకములలోనే తంతువును గూడ వేయు నుద్దేశముతో టీ-ఫైబరు పథకము వచ్చినది. ఆ భగీరథకు సంబంధించిన స్తంభము 2015 జూన్‌లో నీ ప్రాంతమునందలి చౌటుప్పలుననే యావిష్కృతమైనది. ఫ్లోరైడు నీటితో బాధపడిన నేలలో నీరును వార్తయు నొకే కందకమున నడచుట గమనింపఁదగినది. తంతువు పంచాయతివఱకు వచ్చుటయు, ఇంటివఱకు వచ్చుటయు వేఱు. సొమ్ము చెల్లించుటకుముం దీ భేదమును విచారింపవలెను.

పండితులకుఁ జెందిన భాగము

ఇంతవఱకుఁ జెప్పినది చూచువానిని గూర్చినది. వ్రాయువాఁడు తప్పిన నే బ్రౌజరును సరిదిద్దలేదు. ప్రాచీనముద్రణములందు "ధర్మము" అనునది వలపలగిలకతో నుండును. ఆ గిలక తెలుఁగు తొమ్మిదియంకెను బోలియుండుటచేఁ గొందఱు "ధమ౯ము" అని టైపుచేయుచున్నారు. కంటికది సరిగానే తోఁచును; సంకేతములలో మాత్రము రేఫమే లేదు, నడుమ నొక యంకె యున్నది. "ధర్మము" అని వెదకువాని కా పుట యెన్నఁడును దొరకదు. ఆకారమును జూచి వ్రాయుట లేఖకుని పని. వర్ణక్రమమునుబట్టి వ్రాయుట పండితుని పని. పాత స్వంత ఫాంటుల పుటలు నేఁడు చదువరాకపోవుటకు మూలము నీ యాకారభ్రాంతియే.

1922లో నల్లగొండనుండి నీలగిరి పత్రికయు, 1926లో హైదరాబాదునుండి గోలకొండ పత్రికయు వెలువడిననాఁడు తెలుఁగున కచ్చక్షరములు దొరకుటయే యొక సాధనగా నుండెను. 1930లో జోగిపేటయందు మొదలైన నిజాంరాష్ట్రాంధ్రమహాసభ 1944లో భువనగిరియందుఁ బదునొకండవమాఱు కూడినది. మాతృభాషలో విద్య ఆ సభల కోరికలలో నొకటి. ఆ కోరిక తీఱిన యీ కాలమున, తెరపైఁ జెడిన యక్షరమును జూచి "తెలుఁగు యంత్రమున కొదుగదు" అని యాంగ్లపుటకు మరలుట న్యాయము కాదు. ఒదుగనిది భాష కాదు. పాతబడిన బ్రౌజరో, కొఱవడిన ఫాంటో, తప్పువరుసలో వ్రాసిన పుటయో. పాఠశాలలోని యొక్కొక్క యంత్రమును బైఁ జెప్పిన తొమ్మిది పదములతోఁ బరీక్షించుటకుఁ బావుగంట చాలును. ఆ పరీక్షలో యంత్రము నెగ్గిన పిదప, పుట యింకను రాకున్నచో, అప్పుడు వేగమును గొనుట యుచితము.